అయోనా దీవిలో రెండు రాత్రులు

మా నాన్న మాచర్లలో సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన్ని ఏ ఊరు తీసుకెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే: "ఈ ఊరు ఇక్కడే ఎందుకు పుట్టిందిరా?" నది ఉందా, రేవు ఉందా, కనుమదారి ఉందా, ఏదో ఒకటి చెప్పాలి. చెప్పలేకపోతే ఆయన దృష్టిలో ఆ ఊరు చూసినట్టే కాదు. 2023 జూన్‌లో అమ్మా, నాన్నా మా దగ్గరికి ఎడిన్‌బరో వచ్చారు. కోట చూశారు, లండన్ చూశారు, సరస్సులూ చూశారు. తర్వాత ఒకరోజు కాఫీ తాగుతూ, "మ్యాపులో చివరంటా పోతే ఏముంటుందో అది చూపించు" అన్నారు. నేను ఆలోచించకుండా అయోనా అన్నాను.

నిజం చెప్పాలంటే అయోనా అంటే అప్పటికి నాకు పెద్ద గౌరవమేమీ లేదు. 2012లో గ్లాస్గోలో ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు నలుగురు స్నేహితులం కలిసి ఒక్కరోజు టూరులో వెళ్ళాం. పొద్దున్నే ఓబన్‌లో ఓడెక్కి, బస్సెక్కి, మళ్ళీ పడవెక్కి, దీవిలో రెండు గంటలు గడిపి వచ్చాం. ఆ రెండు గంటల్లో ఒక గంట వానకే పోయింది. ఒక రాతి చర్చి ముందు ఫోటో దిగి, తిరుగు పడవ కోసం పరుగెత్తాం. "ఇంత దూరం వచ్చింది దీనికా?" అని ఆ రోజంతా గొణుక్కున్నాం. మీరెవరైనా ఇలాంటి ఒక్కరోజు టూరు బుక్ చేసుకుని ఉంటే, వీలైతే మార్చుకోండి. అందుకే ఇదంతా వ్రాస్తున్నాను.

ముందు దారి సంగతి. స్కాట్లండ్ పడమటి తీరాన మల్ అనే పెద్ద దీవి ఉంది. దాని నైరుతి కొసన, ఒకటిన్నర కిలోమీటరు వెడల్పున్న జలసంధికి అవతల ఉన్న చిన్న దీవే అయోనా. పొడవు 5 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కడ చూసినా రెండున్నర కిలోమీటర్లకు మించదు. ఏడాది పొడుగునా అక్కడే ఉండేవాళ్ళు రెండు వందల లోపే. ఎడిన్‌బరో నుంచి ఓబన్‌కి కారులో మూడు గంటలు (గ్లాస్గో నుంచి రైలు కూడా ఉంది, దానికీ మూడు గంటలు దాటుతుంది). ఓబన్‌లో కాల్‌మాక్ వాళ్ళ పెద్ద ఫెర్రీ ఎక్కితే ముప్పావుగంట పైచిలుకులో మల్ దీవిలోని క్రెగ్న్యూర్. వేసవిలో కారుతో వెళ్తే ఈ ఫెర్రీ ముందే బుక్ చేసుకోవాలి. అక్కడినుంచి దీవికి అడ్డంగా 60 కిలోమీటర్లు వెళ్తే ఫినఫర్ట్ అనే రేవు. ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తే ఆ ఉచ్చారణ మీకు చచ్చినా తట్టదు.

ఆ 60 కిలోమీటర్లు గంటలో అయిపోతుందనుకోకండి. రోడ్డు చాలావరకు ఒక్క కారు పట్టేంతే. అక్కడక్కడా పక్కకి తప్పుకోవడానికి కాస్త వెడల్పు చేసిన చోట్లు ఉంటాయి. ఎదురుగా బండి వస్తే, ఆ చోటు మన ఎడమవైపుంటే అందులోకి దూరాలి. కుడివైపుంటే దానికెదురుగా రోడ్డుమీదే ఆగాలి. దాటిన ప్రతివాడూ స్టీరింగు మీదనుంచి వేలెత్తి థాంక్స్ చెబుతాడు. మొదటి పది కిలోమీటర్లు అమ్మ "నెమ్మది, నెమ్మది" అంటూనే ఉంది. తర్వాత ఎదురొచ్చే డ్రైవర్లందరికీ తనే చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. ఫినఫర్ట్‌లో కారు వదిలెయ్యాల్సిందే, బయటివాళ్ళ కార్లు అయోనాకి రానివ్వరు. పులిహోర డబ్బా, మందుల సంచీ, రెండు చక్రాల పెట్టెలు పట్టుకుని చిన్న ఫెర్రీ ఎక్కాం. పది నిమిషాల్లో అవతలి ఒడ్డు.

ఒడ్డున దిగగానే నాన్న చుట్టూ చూసి అడగనే అడిగారు. "నాలుగు వానలు, నాలుగు గొర్రెలు. ఇంతదూరం వచ్చి ఇక్కడ మఠం ఎందుకు కట్టార్రా?"

నేను బడిపిల్లాడిలా చదువుకొచ్చిన పాఠం అప్పజెప్పాను. క్రీ.శ. 563లో ఐర్లండ్ నుంచి కొలంబా అనే సన్యాసి పన్నెండుమంది తోటివాళ్ళతో పడవలో వచ్చి ఇక్కడ మఠం పెట్టాడు. 597లో ఇక్కడే పోయాడు. ఆయన ఐర్లండ్‌లో ఒక పెద్ద రాజవంశానికి చెందినవాడు, తలుచుకుంటే రాజకీయాల్లో ఉండదగ్గవాడు. మరి ఎందుకొచ్చాడు? దీనికొక కథ ఉంది, మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు తప్పక వినాల్సిన కథ. కొలంబా తన గురువు దగ్గరున్న కీర్తనల పుస్తకాన్ని రాత్రిపూట రహస్యంగా నకలు తీసుకున్నాడట. గురువుకి తెలిసి, నకలు కూడా తనదేనన్నాడు. తగువు రాజు దగ్గరికి పోయింది. ఆవు ఎవరిదైతే దూడ వాళ్ళదే, అలాగే పుస్తకం ఎవరిదైతే నకలూ వాళ్ళదే అని రాజు తీర్పిచ్చాడు. కాపీరైటు మీద ప్రపంచంలో తొలి తీర్పు అని దీన్ని సరదాగా చెబుతుంటారు. ఆ కోపం పెరిగి 561లో యుద్ధం దాకా వెళ్ళిందనీ, ఆ పాపానికి ప్రాయశ్చిత్తంగా కొలంబా దేశం విడిచాడనీ కథ. ఐతే ఇది వ్రాతలోకెక్కింది చాలా శతాబ్దాల తర్వాత. యుద్ధం జరిగిన మాట నిజం, దానికి పుస్తకమే కారణమన్నది చరిత్రకారులు అంతగా నమ్మరు. ఆ నకలే ఇదని సంప్రదాయంగా చెప్పే కీర్తనల ప్రతి ఒకటి డబ్లిన్‌లో రాయల్ ఐరిష్ అకాడమీలో ఇప్పటికీ ఉంది.

"అది వచ్చినందుకు కారణం. ఇక్కడికే ఎందుకన్నది చెప్పలేదు" అన్నారు నాన్న. ముప్పయ్యారు మార్కులే వేశారన్నమాట, బొటాబొటిగా పాస్.

దానికి జవాబు మర్నాడు సాయంత్రం గానీ దొరకలేదు. దీవిలో ఎత్తైన గుట్ట డున్ ఈ, 101 మీటర్లు. అమ్మకి మోకాళ్ళనొప్పులు, తను మా ఆవిడతో కింద ఉండిపోయింది. నేనూ నాన్నా ఎక్కాం. జూన్ నెల కాబట్టి రాత్రి పదింటిదాకా వెలుగే. పైనుంచి చూస్తే ఎటు చూసినా నీళ్ళు, నీళ్ళలో దీవులు. నాన్న కాసేపు ఊరుకుని, "మనం రోడ్డుమీద వచ్చాం కాబట్టి ఇది చివర అనిపించింది. పడవలో వస్తే ఇది జంక్షన్" అన్నారు.

నిజంగానే అంతే. ఆరో శతాబ్దంలో స్కాట్లండ్ పడమటి కొండల్లో రోడ్లనదగ్గవి లేవు. అడవి, బురద, కొండలోయలు. సరుకైనా సైన్యమైనా సముద్రంమీదే నడిచేది. ఐర్లండ్ ఈశాన్య మూలకీ, స్కాట్లండ్‌లోని కింటైర్ కొసకీ మధ్య సముద్రం సుమారు 20 కిలోమీటర్లే. ఆ నీటికి ఇటూ అటూ ఉన్నది ఒకే రాజ్యం, పేరు డాల్ రియాటా, మాట్లాడేది ఒకే భాష. అంటే కొలంబా వెళ్ళింది మనం అనుకునేలాంటి పరదేశం కాదు. ఆ జలమార్గంలో ఉత్తరానికి పోయినా, తూర్పున పిక్టుల రాజ్యానికి పోయినా అయోనా దారిలోనే ఉంటుంది. ఆయన వచ్చిన పడవ ఎలాంటిదో చెప్పగానే నాన్నకి తెగ సంతోషం వేసింది. అల్లిన కర్రల చట్రానికి తోలు కప్పి కట్టిన పడవ. "మన కృష్ణలో పుట్టి!" అన్నారు. కాస్త పొడుగ్గా ఉండి తెరచాప ఉంటుందన్నది తేడా.

ఇక్కడినుంచి వెళ్ళిన సన్యాసులే 635లో ఇంగ్లండ్ తూర్పుతీరంలో లిండిస్‌ఫార్న్ మఠం పెట్టారు. 697లో అయోనా తొమ్మిదో మఠాధిపతి అడమ్నాన్, ఐర్లండ్‌లోని బిర్ అనే చోట రాజులనీ మఠాధిపతులనీ కూర్చోబెట్టి ఒక చట్టం ఒప్పించాడు. యుద్ధాల్లో ఆడవాళ్ళనీ పిల్లల్నీ సన్యాసుల్నీ చంపకూడదని, చంపితే జరిమానా అని. ఐర్లండ్ రాజులూ, డాల్ రియాటా రాజూ, పిక్టుల రాజూ దానికి హామీదారులు. పదమూడు వందల ఏళ్ళ క్రితం! ఎవరూ రాని మారుమూల దీవి నుంచి ఇంతమంది రాజుల చేత సంతకం పెట్టించగలరా ఎవరైనా? మన చరిత్ర పుస్తకాల్లో దీనికి ఒక్క వాక్యం కూడా లేదని నాన్న బాధ.

అడమ్నాన్ గురించి ఇంకో ముచ్చట. దీవికి అయోనా అనే పేరు రావడానికి కారణం ఒక అచ్చుతప్పులాంటిది. కొలంబా జీవితచరిత్రలో ఆయన లాటిన్‌లో ఈ దీవిని 'ఇయోవా' దీవి అని వ్రాశాడు. తర్వాతివాళ్ళెవరో 'యు' అక్షరాన్ని 'ఎన్' అనుకుని 'అయోనా' చేశారు. ఎవరూ ఆ బగ్గు సరిచెయ్యలేదు. కొలంబా అంటే లాటిన్‌లో పావురం, హీబ్రూలో పావురాన్ని 'యోనా' అంటారు కాబట్టి తప్పు కూడా అతికినట్టు సరిపోయింది.

ఇక మఠం. మొదటిరోజు సాయంత్రం ఆఖరి ఫెర్రీ వెళ్ళిపోయాక, టూరు బస్సుల జనమంతా ఖాళీ అయ్యాక, అటు నడిచాం. పదకొండేళ్ళ క్రితం నేను ఫోటో దిగిన చోటే అని గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. ఇప్పుడు నిలిచి ఉన్న రాతి కట్టడం కొలంబా నాటిది కాదు. ఆయన కాలపువన్నీ చెక్క, మట్టి. ఇది 1200 ప్రాంతంలో బెనెడిక్టైన్ సన్యాసులకోసం కట్టిందీ, తర్వాత పెంచిందీ. కొలంబా కాలానివని చెప్పగలిగేవి ఏమున్నాయంటే, మఠం ఎదురుగా ఒక చిన్న రాతి మెట్ట ఉంది. ఆయన కూర్చుని వ్రాసుకునే గుడిసె దానిమీదే ఉండేదని స్థానికులు ఎప్పటినుంచో చెబుతున్నారు. 1957లో అక్కడ తవ్వితే కాలిన కర్ర ముక్కలు దొరికాయి. అవి దశాబ్దాలపాటు అలాగే దాచి ఉండిపోయాయి. 2017లో గ్లాస్గో యూనివర్సిటీ వాళ్ళు కార్బన్ డేటింగ్ ఫలితాలు వెల్లడించారు. క్రీ.శ. 540కీ 650కీ మధ్యవని తేలింది. ఊరివాళ్ళ నోటిమాట నిజమయ్యే వీలుందన్నమాట. అమ్మ చెప్పులు విప్పి ఆ మెట్ట ముందు నిలబడి దణ్ణం పెట్టుకుంది. ఏ దేవుడని నేను అడగలేదు.

ముంగిట్లో పెద్ద రాతి శిలువలున్నాయి. సెయింట్ మార్టిన్ శిలువ ఎనిమిదో శతాబ్దంలో నిలబెట్టిన చోటే ఇప్పటికీ నిలబడి ఉంది. పన్నెండు వందల ఏళ్ళ పైచిలుకు ఈ గాలికి! దాని దగ్గర్లోని సెయింట్ జాన్ శిలువ మాత్రం 1970లో పెట్టిన కాంక్రీటు నకలు. అసలుది ముక్కలుగా దొరికితే అతికించి లోపలి మ్యూజియంలో పెట్టారు. నాకు బాగా నచ్చింది అదే. దాని చేతులు 2 మీటర్లకు పైగా వెడల్పు. రాయి ఆ బరువు మొయ్యలేక పడిపోతే, చేతులకింద ఊతంగా చుట్టూ రాతి వలయం చేర్చారనీ, శిలువ చుట్టూ వలయం ఉండే డిజైను ఇక్కడే పుట్టి ఉండొచ్చనీ కొందరు పండితుల అభిప్రాయం. మనం రిలీజ్ తర్వాత వేసిన ప్యాచ్ లాంటిది, జనానికి నచ్చి అదే ఫీచర్ అయిపోయింది. 20వ శతాబ్దంలో మళ్ళీ నిలబెడితే 1951లోనూ 1957లోనూ గాలికి మళ్ళీ పడిపోయింది. ఇక చాలని లోపల పెట్టేశారు.

'బుక్ ఆఫ్ కెల్స్' పేరు మీలో చాలామంది వినే ఉంటారు, డబ్లిన్ వెళ్ళినవాళ్ళు ట్రినిటీ కాలేజీలో క్యూ కట్టి చూసే ఉంటారు. 800 ప్రాంతంలో వ్రాసిన ఆ బొమ్మల సువార్త గ్రంథం, మొత్తంగా కాకపోయినా కొంతైనా అయోనాలోనే తయారైందని ఎక్కువమంది పండితులు అంటారు. 340 ఆకులు, అన్నీ దూడ చర్మం. ఆ పుస్తకానికి వందకు పైగా దూడలు పట్టి ఉంటాయని చెబితే అమ్మ మొహం చూడాల్సింది. "దేవుడి పుస్తకానికి దూడలా!" అని ఆ పూట నాతో మాట్లాడలేదు, నేనే కోసినట్టు.

మరి అయోనాలో తయారైన పుస్తకానికి కెల్స్ పేరెందుకొచ్చింది? అదే ఈ దీవి కష్టకాలం. దీవిని పెద్దచేసిన జలమార్గం మీదనే వైకింగులు కూడా వచ్చారు. 795లో మొదటి దాడి, 802లో రెండోది, 806లో 68 మందిని చంపేశారు. ఫెర్రీ దిగగానే పక్కన కనిపించే తెల్లటి ఇసుక తీరాన్ని మార్టర్స్ బే అంటారు, ఆ చంపింది అక్కడేనని చెబుతారు. మరుసటి ఏడే ఐర్లండ్ లోపల, సముద్రానికి దూరంగా, కెల్స్‌లో కొత్త మఠం కట్టడం మొదలుపెట్టారు. పుస్తకం తర్వాత అక్కడికి చేరింది. 825లో మళ్ళీ దాడి. 849లో కొలంబా అవశేషాల్ని రెండుగా పంచి, కొన్ని కెల్స్‌కీ కొన్ని స్కాట్లండ్‌లోని డన్‌కెల్డ్‌కీ పంపేశారు. ఐనా ఇక్కడ సన్యాసులు పూర్తిగా లేకుండా పోలేదు. మఠం పక్కనున్న శ్మశానంలో స్కాట్లండ్ రాజులు, నార్వే రాజులు కూడా ఉన్నారని పాత వ్రాతలు. షేక్స్పియర్ వాడుకున్న మెక్‌బెత్ కూడా ఇక్కడే ఉన్నాడంటారు. ఏ రాయి ఎవరిదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. లేబర్ పార్టీ నాయకుడు జాన్ స్మిత్ 1994లో పోతే ఇక్కడే సమాధి చేశారు, ఆ రాయి మాత్రం తేలిగ్గా దొరుకుతుంది.

1560లో స్కాట్లండ్ ప్రొటెస్టెంటు దేశమయ్యాక మఠం మూతబడి కప్పులు కూలాయి. ఊళ్ళోకి నడిచే దారిలో గులాబీరంగు గ్రానైటుతో కట్టిన సన్యాసినుల మఠం ఇప్పటికీ ఆ శిథిలావస్థలోనే ఉంది. గోడల పగుళ్ళలో పూలమొక్కలు. మా ఆవిడకి మఠం కన్నా అదే నచ్చింది. మెల్లిగా నేలమీద రోడ్లు పడ్డాయి, 1880లో ఓబన్‌కి రైలొచ్చింది. అంతకుముందు నడిమధ్యనున్న దీవి రైలు దిగాక ఇంకో రెండు ఓడల దూరమైపోయింది. పెద్ద మఠాన్ని తిరిగి నిలబెట్టడం 20వ శతాబ్దంలో జరిగింది. 1899లో ఆర్గైల్ డ్యూక్ శిథిలాల్ని ఒక ట్రస్టుకిచ్చాడు, వాళ్ళు 1910కల్లా చర్చికి కప్పు వేశారు. మిగతా భవనాలు అలాగే ఉంటే, 1938లో గ్లాస్గోలోని గోవన్ పేటలో పాస్టరుగా ఉన్న జార్జ్ మెక్లౌడ్, పనుల్లేక ఖాళీగా ఉన్న తాపీ, వడ్రంగి పనివాళ్ళనీ, పాస్టరు చదువు పూర్తిచేసిన కుర్రాళ్ళనీ కలిపి తీసుకొచ్చాడు. పనివాళ్ళు మేస్త్రీలు, చదువుకున్నవాళ్ళు వాళ్ళకింద కూలీలు. 1965కి పూర్తయింది. వాళ్ళే అయోనా కమ్యూనిటీగా ఏర్పడి ఇప్పటికీ అక్కడ ప్రార్థనలు నడుపుతున్నారు. ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, ఏ మతమని అడగరు. మేం రాత్రి ప్రార్థనకి వెళ్ళాం. ఇరవైమందిమి ఉంటాం. అమ్మకి ఒక్క మాట అర్థం కాలేదుగానీ, పాట అయ్యాక "భజన బాగుంది" అంది.

నాన్న మాత్రం నాగార్జునకొండ గుర్తుచేసుకున్నారు. ఏటా పిల్లల్ని లాంచీలో తీసుకెళ్ళేవారు. ఇక్ష్వాకుల నాడు కృష్ణ ఒడ్డున పెద్ద రాజధాని, సింహళం నుంచి వచ్చే భిక్షువులకి విడిగా విహారమే ఉండేది. డ్యాము నీళ్ళొస్తాయని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవి కొన్ని కొండమీదికి మార్చి కట్టారు. "దానిక్కూడా ఇప్పుడు పడవలో పోవాలి. పిల్లలకి అది ఏదో దీవి అనిపిస్తుంది, ఊరని చెబితే నమ్మరు" అన్నారు.

చివరిరోజు పొద్దున దీవి దక్షిణానికి నడిచాం, కొలంబా మొదట దిగాడని చెప్పే రేవుకి. రాత్రి వాన పడి దారంతా బురద. రంగురంగుల గులకరాళ్ళ తీరం అది. అక్కడికి దగ్గర్లోని గుట్టమీద ఒక రాళ్ళకుప్ప ఉంది. గేలిక్‌లో దాని పేరుకి 'ఐర్లండ్‌కి వీపు తిప్పిన కుప్ప' అని అర్థం. ఐర్లండ్ కనిపించే చోట ఉండనని కొలంబా ఒట్టు పెట్టుకున్నాడట. దారిలో ఒక దీవిలో దిగితే అక్కడినుంచి ఐర్లండ్ కనిపించిందని మళ్ళీ పడవెక్కాడట. ఈ గుట్టెక్కి దక్షిణానికి చూస్తే ఏమీ కనిపించకపోయేసరికి, ఇక ఇక్కడే ఉండిపోదామన్నాడట. నేను ఈ కథ చెబుతుంటే నాన్న దక్షిణం వైపే చూస్తూ నిలబడ్డారు.

"మళ్ళీ వెళ్ళలేదా ఐతే?"

"వెళ్ళాడు నాన్నా. అది ఉత్త కథ. అడమ్నాన్ పుస్తకంలోనే ఉంది, అక్కడ రాజుల సమావేశానికి వెళ్ళాడు, అక్కడ మఠాలు కూడా పెట్టాడు. ఇక్కడి వాళ్ళు అక్కడికి, అక్కడి వాళ్ళు ఇక్కడికి వస్తూపోతూనే ఉండేవాళ్ళు."

"తోలు పడవలో?"

"తోలు పడవలోనే."

నాన్న ఇంకేం అనలేదు. తిరుగు ఫెర్రీలో పెట్టెలమీద కూర్చుని పులిహోర డబ్బాలో మిగిలింది ముగిస్తుండగా, "టికెట్లు ఎప్పుడు బుక్ చేస్తున్నావు?" అన్నారు. "మీవి ఎప్పుడో అయిపోయాయి కదా, ఆగస్టు పదికి" అన్నాను. "మావి కాదురా, సంక్రాంతికి మీవి" అన్నారు.